ముంగురమ్మ జుట్టు తిన్ననైన కథ

పెద్ద అడవి ఒకటి ఉండేది. ఎంత పెద్దదంటే, ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివర నుంచి ‘చిరంజీవ’ అన్న మాట నాలుగు ఆఫీసులు తిరిగి వచ్చేది. ఈలోగా తుమ్మినవాడికి జలుబు తగ్గిపోయేది.

ఆ అడవికి రాజు సింగన్నదొర అనే సింహం. రాజుకో సభ, సభకో కార్యదర్శి, కార్యదర్శికో బావమరిది. పాలనకు కావలసినవన్నీ ఉన్నాయి.

అడవి మధ్యలో చిట్టివాగు పారేది. ఆ వాగు రేవుకు పెద్ద ముంగురమ్మ. ఆమె గొర్రె. ఎప్పుడో మంద తప్పి అడవిలోకి వచ్చి, తిరిగి వెళ్ళే దారి వెతుక్కోకుండా ఇక్కడే స్థిరపడిపోయింది. రేవులో ఎవరు ముందు తాగాలి, ఎవరు తర్వాత తాగాలి అన్నది ఆమె చెప్పేది. కుందేళ్ళూ జింకపిల్లలూ ముందు, ఏనుగులు ఆఖర్న. ఏనుగు ఒక్కసారి దిగిందంటే ఇక ఆ పూటకి ఆ వాగులో నీళ్ళుండవు, బురదే.

ముంగురమ్మ ఒంటి మీద ఉన్ని ఉంగరాలు ఉంగరాలుగా, ఒకదాని మీద ఒకటి పడి ఉండేది. దూరం నుంచి చూస్తే రేవు గట్టున తెల్లమబ్బు దిగి నిలబడ్డట్టుండేది. ఆ మబ్బులోంచి “నాయనా, కాస్త ఆగు” అని గొంతు వచ్చేసరికి ఎంత పెద్ద ఏనుగైనా ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేది. ఏటా జరిగే ఎన్నికల్లో ఆమె మీద ఎవరూ పోటీ చేసేవారు కాదు. చేసినా తమ ఓటు కూడా తమకు వేసుకునేవారు కాదు.

ఇది నచ్చనివాడు ఒకడే, సభ కార్యదర్శి తురగారావు. ఆయన గుర్రం. ఆయన బావమరిది కంచరయ్య అనే కంచర గాడిద చాలా కాలంగా ఖాళీగా ఉన్నాడు. కంచరయ్య కళ్ళు రేవు మీద పడ్డాయి. చెట్టు నీడ, చల్లగాలి, వచ్చేపోయేవాళ్ళంతా నమస్కారం పెట్టే ఉద్యోగం.

“ఓట్లతో ఆవిడను కదిలించలేం బావా,” అన్నాడు కంచరయ్య.

“ఓట్లతో కానిది రూల్స్‌తో అవుతుంది,” అన్నాడు తురగారావు.

ఆయన అప్పుడే పట్నం నుంచి వచ్చాడు. అక్కడ ఊరేగింపులో ఒక పెళ్ళికొడుకుని మోశాడు. పెళ్ళికొడుకు సంగతి ఆయనకు గుర్తు లేదు గానీ పెళ్ళికూతురి జుట్టు మాత్రం గుర్తుంది.

మర్నాడు సభలో లేచి, మెడ మీది జూలు ఒక పక్కకి విసిరి మొదలుపెట్టాడు.

“ఏలినవారికి మనవి. త్వరలో పై అడవి రాజు జూలప్పదొర వారు మన అడవికి విచ్చేస్తున్నారు. చిట్టివాగు పుట్టేది వారి అడవిలో. ఎండాకాలం వారు అక్కడ కట్ట వేసుకున్నారంటే ఇక్కడ మనం ఇసుక నాక్కోవాలి. కాబట్టి వారు చూడగానే మనల్ని మర్యాదస్తులం అనుకోవాలి.”

“అనుకోవాలి,” అన్నాడు సింగన్నదొర ఆవలిస్తూ.

“పట్నంలో మర్యాదస్తులందరికీ జుట్టు తిన్నగా ఉంటుంది. ఆ పెళ్ళికూతురి జుట్టు ఇస్త్రీ చేసినట్టు జారుతూ ఉంది. జుట్టు తిన్నగా ఉంటే బుద్ధి తిన్నగా ఉంటుంది. బుద్ధి తిన్నగా ఉంటే పాలన తిన్నగా ఉంటుంది. అందుకని, వచ్చే పౌర్ణమికి కేశపరీక్ష. ఉంగరాల జుట్టు ఉన్నవాళ్ళెవరూ పదవిలో ఉండకూడదని తీర్మానం.”

సభలో అందరూ ముంగురమ్మ వైపు చూశారు. కొందరు రాజుగారి వైపు కూడా చూశారు. రాజుగారి జూలు కొసల్లో చక్కగా చుట్టలు తిరిగి ఉంది. చూసినవాళ్ళు వెంటనే తల దించుకుని కాళ్ళ గోళ్ళు లెక్కపెట్టుకున్నారు.

ముంగురమ్మ లేచింది. “కార్యదర్శిగారూ, నా జుట్టు నాకు పుట్టుకతో వచ్చిందండీ.”

“పుట్టుకతో వచ్చినవన్నీ మోసుకుంటూ కూర్చుంటే అభివృద్ధి ఎక్కణ్ణించి వస్తుందమ్మా?” అన్నాడు తురగారావు ఎంతో జాలిగా.

“కానీండి,” అన్నాడు సింగన్నదొర. ఆయనకు భోజనం వేళ అయింది.

ఆ సాయంత్రానికల్లా జగ్గయ్య అనే నక్క తన గుహ ముందు పార్లర్ తెరిచాడు. నిప్పుల్లో పలకరాళ్ళు కాల్చి జుట్టును ఆ రాళ్ళ మధ్య పెట్టి లాగుతాడు. వేటలో వచ్చిన దాంట్లో ఇంత అని ముందే మాట్లాడుకుంటాడు. తీర్మానం గురించి అందరికంటే ముందు అతనికి ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు. అడగవలసినవాళ్ళంతా లైనులో నిలబడి ఉన్నారు.

ముంగురమ్మ మాత్రం ఇంటికి వచ్చి కూర్చుంది. రేవు పక్క చింతచెట్టు మీద కొండముచ్చు అంకమ్మ కాపురం. వయసులో పెద్దది. అడవిలో సగం మందికి పేలు చూసిన చెయ్యి ఆమెది.

“పోనీలే అత్తా,” అంది ముంగురమ్మ. “పదవి పోతే పోయింది. నా జుట్టు నాకుంటుంది. గడ్డి ఎక్కడైనా దొరుకుతుంది.”

అంకమ్మ కొమ్మ మీద నుంచి ఒక చింతకాయ తెంపి కొరుకుతూ అంది. “నీకు గడ్డి దొరుకుతుందే పిల్లా. జింకపిల్లలకి నీళ్ళెవరిస్తారు? ఆ కంచరయ్య ఏనుగుల దగ్గర చెరకు ముక్క పుచ్చుకుని వాటిని ముందు దింపుతాడు. నీ బిడ్డలు కాకపోతేనేం, రోజూ నీ ముఖం చూసుకుంటూ వరసలో నిలబడతాయవి.”

ముంగురమ్మ రేవు వైపు చూసింది. గట్టు కింద ఒక కుందేలు నిశ్చింతగా నీళ్ళు తాగుతోంది. తాగి, మీసాలు దులుపుకుని, “వెళ్ళొస్తా పిన్నీ” అని వెళ్ళిపోయింది. ముంగురమ్మకు కళ్ళు చెమర్చాయి.

“అయితే నేనూ ఆ పార్లర్‌కి వెళ్ళాలా?” అంది.

అదే సమయానికి ఎలుగుబంటి బంగారయ్య అటుగా వచ్చాడు. ఆయన తేనెపట్టుల శాఖలో గుమాస్తా. ఆయన కంటే ముందు ఆయన వాసన వచ్చింది, కమురు వాసన. వీపు మీద ఒక పక్క జుట్టు నున్నగా వేలాడుతోంది. రెండో పక్క చర్మం కనిపిస్తోంది.

“ఎలా ఉంది తమ్ముడూ?” అంది ముంగురమ్మ.

“తిన్నగానే ఉందక్కా, ఉన్నంత మేర,” అన్నాడు బంగారయ్య.

ఆ మాటతో ముంగురమ్మ ఒక నిర్ణయానికి వచ్చేసింది. జుట్టు తిన్నగా చేసుకుంటుంది. ఇంట్లోనే చేసుకుంటుంది. నిప్పు మాత్రం దగ్గరికి రానివ్వదు.

బంగారయ్య అప్పటికే కాలినవాడు కాబట్టి సలహాలు ఉచితంగా ఇచ్చాడు. “బరువుంటే ఏదైనా కిందికి దిగుతుంది గదక్కా. జుట్టుకి రాళ్ళు కట్టు.” రాళ్ళు కట్టుకుని ముంగురమ్మ ఒక పూటంతా తిరిగింది. ఉంగరాలు అలాగే ఉన్నాయి, మెడ పట్టేసింది. ఈసారి బంకమన్ను పట్టించమన్నాడు. పట్టించి ఎండలో నిలబడింది. మన్ను ఎండి బిగుసుకుపోయి, కాళ్ళు కదలక, దారిన పోయే రెండు చీమలబారులకు పుట్టలా కనిపించింది. ఆ చీమలను ఖాళీ చేయించడానికి అంకమ్మకు చాలా ఓపిక పట్టింది.

“ఇక నువ్వు చెప్పొద్దు నాయనా, మోయి,” అని అంకమ్మ బంగారయ్యను కొబ్బరికాయలకూ కలబందకూ పంపింది.

ముందు కుంకుడురసంతో మెత్తగా తల నుంచి తోక దాకా రుద్ది, వాగులో ముంచి తీసింది. తర్వాత చిక్కటి కొబ్బరిపాలల్లో నిమ్మరసం పిండి, దాంట్లో కలబంద గుజ్జు మెదిపి పాయ పాయకీ పట్టించింది. ముళ్ళపంది దగ్గర అడిగి తెచ్చిన ముళ్ళతో దువ్వడం మొదలుపెట్టింది. కుదుళ్ళ నుంచి కాదు, కొసల నుంచి. కొసల చిక్కు తీరాక కాస్త పైకి, అది తీరాక ఇంకాస్త పైకి.

“పైనించి లాగితే త్వరగా అవుతుంది గదత్తా?” అంది ముంగురమ్మ, నిలబడి నిలబడి విసుగొచ్చి.

“త్వరగా ఊడుతుంది. అదుగో, ఆ జగ్గయ్య చేసేది అదే.”

దువ్విన తడిజుట్టును ఒంటి చుట్టూ నున్నగా చుట్టి, అరటినారతో వదులుగా కట్టి, ఎండ తగలకుండా నీడలో కూర్చోబెట్టింది. ఆరేదాకా కదలొద్దంది. గొర్రెకు కదలకుండా కూర్చోవడం పెద్ద కష్టం కాదు గానీ, కొబ్బరిపాల వాసనకి ఉడతలు వచ్చి నాకుతుంటే నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఒకసారితో కాలేదు. మళ్ళీ పట్టించడం, మళ్ళీ దువ్వడం, మళ్ళీ చుట్టడం. పౌర్ణమి దగ్గర పడేసరికి ముంగురమ్మ ఉన్ని పట్టుదారంలా జారి నేలకు తగిలింది.

ముంగురమ్మ వాగులోకి వంగి చూసుకుంది. నీళ్ళలో ఎవరో సన్నపాటి ఆవిడ బెదురుగా తనవైపు చూస్తోంది. వంకరలు పోయాక తెలిసింది ఆమెకు, తను ఇంత చిన్నదని. ఇన్నాళ్ళూ రేవు గట్టున నిలబడ్డది సగం తను, సగం జుట్టు.

“బావుందా అత్తా?”

“జుట్టు బావుంది,” అంది అంకమ్మ. మిగతాది చెప్పలేదు.

మర్నాడు పొద్దున రేవులో ఒక జింకపిల్ల ఆమె ముందుకొచ్చి, “మీరెవరండీ? మా పిన్ని రాలేదా?” అని అడిగింది. వెనకాల ఏనుగుల పెద్ద నేరుగా వాగులోకి దిగబోయాడు. “నాయనా, కాస్త ఆగు,” అంది ముంగురమ్మ. ఏనుగు అటూ ఇటూ చూసి, “ఎవరిదో మేకపిల్ల తప్పిపోయినట్టుంది,” అని దిగిపోయాడు. ఆమె నాలుగుసార్లు అరిస్తే గాని వెనక్కి రాలేదు. జుట్టు తిన్నగా చేసుకుని పదవి నిలబెట్టుకుందామనుకుంది. పదవిలో తనను గుర్తుపట్టేవాళ్ళు ఉండరని ఆమె అనుకోలేదు.

కేశపరీక్ష రోజు తురగారావు ముళ్ళ దువ్వెన పట్టుకుని రేవు దగ్గర నిలబడ్డాడు. కంచరయ్య అప్పటికే రేవు గట్టు మీది బండరాయి ఎక్కి, కూర్చుంటే ఎలా ఉంటుందో చూసుకుంటున్నాడు. ముంగురమ్మ వీపు మీద పెట్టిన దువ్వెన ఎక్కడా ఆగకుండా జారి కింద పడింది. తురగారావు మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. మూడోసారి పెట్టబోతే రాజుగారు, “ఎన్నిసార్లయ్యా, ఆవిడకి చక్కిలిగింతలు పెడుతున్నావా?” అన్నారు.

“అద్భుతం,” అన్నాడు తురగారావు పళ్ళు కొరుకుతూ. కంచరయ్య బండరాయి దిగాడు.

రాజుగారి జూలును మాత్రం ఎవరూ పరీక్షించలేదు. రాజుగారే అంతకు ముందురోజు చాటుగా జగ్గయ్య పార్లర్‌కి వెళ్ళొచ్చారు. ఇప్పుడు ఆ జూలు మెడకు రెండు పక్కలా ఎండు తాటాకుల్లా వేలాడుతోంది. కదిలితే గలగలమంటోంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి జూలప్పదొర పరివారంతో దిగాడు. ఆకాశం మబ్బు పట్టి ఉంది. అడవి ఉద్యోగులంతా రెండు వరసల్లో నిలబడ్డారు. జుట్టు చెదురుతుందని ఎవరూ కదలకూడదనీ, నవ్వకూడదనీ తురగారావు ఆజ్ఞ. అందరి జుట్టూ తిన్నగా కిందికి వేలాడుతూ ఉంది. అందరి ముఖాలూ బిగుసుకుని ఉన్నాయి.

జూలప్పదొర జూలు మాత్రం ఒత్తుగా, చుట్టలు చుట్టలుగా, జాజితీగ పందిరికి అల్లుకున్నట్టు ఉంది. ఆయన రెండు వరసలనూ చూసి, నడక ఆపి, గొంతు తగ్గించి సింగన్నదొర దగ్గరకు వచ్చాడు.

“ఎప్పుడు జరిగిందండీ?”

“పౌర్ణమికి,” అన్నాడు సింగన్నదొర గర్వంగా. “అందరం ఒక్కసారే.”

జూలప్పదొర తూలినంత పని చేశాడు. “అందరివాళ్ళూ ఒక్కసారేనా?”

“నేనే ఆజ్ఞ ఇచ్చాను.”

జూలప్పదొర భటులు ఆయనకు దగ్గరగా జరిగారు. ఆయన పెదాలు తడుపుకున్నాడు. “మరి... దహనం?”

“అదా? కొందరికి కాస్త కాలిందనుకోండి. మా జగ్గయ్య రాళ్ళతో కానిచ్చేశాడు. నిప్పంటే భయపడి ఇంట్లోనే చేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.”

“ఇంట్లోనే,” అన్నాడు జూలప్పదొర నీరసంగా.

ఆయన పక్కనున్న ముసలి భటుడు అసలు సంగతి చెప్పాడు. పై అడవిలో ఎవరైనా పోతే ఆ ఇంటివాళ్ళు నీళ్ళు పోసుకుని, జుట్టు అణిచి, కిందికి వేలాడేసుకుని, కర్మ అయ్యేదాకా అలాగే ఉంచుకుంటారు. శుభానికి వచ్చిన అతిథికి ఆ జుట్టుతో ఎదురు రావడమంటే, నువ్వు కూడా పోవాలని కోరుకోవడమే.

సంగతి అర్థమయ్యేసరికి జూలప్పదొరకు దుఃఖం పోయి కోపం వచ్చింది. “నా చావు కోరి నన్ను పిలిచారన్న మాట. పదండ్రా. కట్ట పని ఇవాళే మొదలుపెట్టండి.”

ఆయన వెనక్కి తిరిగాడు. తురగారావు ఏదో చెప్పబోయి సకిలించాడు. వరసలో నిలబడ్డ ముంగురమ్మకు ఎండిన రేవు కళ్ళ ముందు కనిపించింది. ఇసుకలో ముట్టెలు పెట్టి వాసన చూస్తున్న జింకపిల్లలు కనిపించాయి. ఆజ్ఞ సంగతి మరిచిపోయి వరసలోంచి బయటికి వచ్చి దారికి అడ్డంగా నిలబడింది.

“దొరగారూ, కాస్త ఆగండి. ఇక్కడెవరూ పోలేదు. మీకు బావుంటుందని జుట్టు తిన్నగా చేసుకున్నాం, అంతే.”

“నాకు బావుంటుందని ఎవరన్నారు?”

“మిమ్మల్ని ఎప్పుడూ చూడనివాళ్ళు అన్నారండి.”

జూలప్పదొర ఆమెను నమ్మాలో లేదో తెలియక చూస్తుండగా, పట్టిన మబ్బు విడిచింది. జల్లు మొదలై వానగా కురిసింది. జగ్గయ్య చేతి జుట్లన్నీ నానిన గడ్డిలా అతుక్కుపోయాయి. కాలి చచ్చిన జుట్టు కదా, ఎంత తడిసినా అలాగే వేలాడింది. బంగారయ్య కాలిన పక్కను కప్పి జుట్టు అంటించుకోవడానికి వాడిన తుమ్మబంక కారి కళ్ళలోకి దిగింది. రాజుగారి జూలు కొన్ని పోగులు తెగి ఆయన కాళ్ళ దగ్గరే పడ్డాయి.

ముంగురమ్మ ఉన్ని మాత్రం నీళ్ళు తగిలేసరికి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది. చెవి దగ్గర ఒక ఉంగరం లేచింది. మెడ మీద ఇంకొకటి. కాసేపట్లో వీపంతా, పొట్టంతా చుట్టలు చుట్టలుగా తిరిగి, ఆమె అందరూ చూస్తుండగానే రెండింతలైంది. వరసల వెనక నుంచి ఒక జింకపిల్ల, “అదుగో మా పిన్ని,” అంది పక్కవాళ్ళతో.

జూలప్పదొర ముఖం విప్పారింది. “మా దగ్గర జుట్టు ఇలా పైకి లేచిందంటే మైల తీరినట్టమ్మా. రండి, కూర్చుని మాట్లాడుకుందాం. మీతోనే మాట్లాడతాను. మిగతావాళ్ళను చూస్తే నాకింకా దిగులుగానే ఉంది.”

వాన వెలిశాక ఇద్దరూ రేవు గట్టున కూర్చున్నారు. ముంగురమ్మకు ఒప్పందాలు రాయడం రాదు. ఎండాకాలం కూడా కుందేలు మూతి మునిగేన్ని నీళ్ళు వదలమంది. జూలప్పదొర అంతేనా అన్నాడు. ఏనుగులు వచ్చేముందు అంది. ఆయన నవ్వి సరేనన్నాడు.

ఆ మర్నాడు సింగన్నదొర సభ పిలిచాడు. తురగారావు లేచి, ఈసారి జూలు విసరకుండా, కొత్త తీర్మానం చదివాడు. వంకరలు తిరిగిన జుట్టే సంస్కృతికి చిహ్నమనీ, తిన్నని జుట్టు ఉన్నవాళ్ళెవరూ పదవిలో ఉండరాదనీ, ఇది తాను మొదటి నుంచీ చెబుతున్నదేననీ. అందరూ ఏకగ్రీవంగా తలలూపారు. జగ్గయ్య అప్పటికే పలకరాళ్ళు పారేసి గుండ్రని కర్రలు కాలుస్తున్నాడు. లైను అతని గుహ దాటి వంపు తిరిగింది. అందరికంటే ముందు కంచరయ్య ఉన్నాడు.

తురగారావు మాత్రం ఆ లైనులో కనపడలేదు. పుట్టుకతో తిన్నని జుట్టున్నవాడు ఆయన. చుట్టుపక్కల ఎవరూ లేని సమయం చూసి రేవుకు వచ్చి, ముంగురమ్మ ఎదుట నిలబడి గొంతు తగ్గించాడు.

“అమ్మా, ఇంట్లోనే, నిప్పు లేకుండా, జుట్టు పాడవకుండా ఉంగరాలు తిప్పుకోవడానికి మార్గమేమన్నా...”

“ఉందండీ,” అంది ముంగురమ్మ. “అంకమ్మత్త చెబుతుంది. కూర్చోండి, పాపం చాలాసేపు పడుతుంది.”

చెట్టు మీద నుంచి అంకమ్మ దువ్వెన పట్టుకుని దిగింది.

నీతి: ఏలినవారు మెచ్చేలా జుట్టు మార్చుకోవడంలో తప్పు లేదు, రేపు వారి మనసు మారినప్పుడు మళ్ళీ మార్చుకోవడానికి కాస్త మిగుల్చుకుంటే చాలు.